హద్దులు రాయని షెడ్యూలు: నా ఫొటోల వెబ్‌సైటు డైరీ

జనవరి 12, 2025, ఆదివారం

పండగ సెలవులకు మేనల్లుడు అనంతపురం నుంచి వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడాది. వాడు కర్నూలు సీ క్యాంపులో ఆటో దిగి ఇంట్లోకి వచ్చేసరికే నేను హార్డ్ డిస్కు, ల్యాప్‌టాప్ టేబుల్ మీద సర్ది కూర్చున్నాను. "టీ అన్నా తాగనియ్యి మామా" అన్నాడు.

నేను దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్క సందులో ఒక గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు. సోమవారం నుంచి శనివారం దాకా ఎవరి ఇల్లు ఎవరి పేరుకు మారిందో, ఏ చేనికి తూర్పున ఎవరున్నారో రాస్తుంటాను. ఆదివారం మాత్రం తెల్లారకముందే బండి తీసి నందికొట్కూరు రోడ్డు పడతాను. ఆరేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో నికాన్ పీ900 కొన్నాను. 83 రెట్ల జూమ్. చంద్రుడి మీది గుంతలు కూడా కనిపిస్తాయి. పెద్ద పెద్ద లెన్సులున్న వాళ్లు దాన్ని చూసి ముసిముసిగా నవ్వుతారు. నవ్వనీ. దాని సెన్సర్ చిటికెన వేలి గోరంత. వెలుతురు కాస్త తగ్గిందంటే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు ఉంటుంది. సెన్సర్ చూసిందంతా కుదించకుండా దాచే రా ఫైలు ఇవ్వదు, కుదించిన జేపెగ్ ఒక్కటే. అయినా ముప్పై కిలోల సామాను మోయకుండా కృష్ణజింక కనురెప్ప దాకా చూడాలంటే నా సంపాదనకు దొరికింది ఇదే.

డిస్కులో 11,400 ఫొటోలున్నాయి. వాట్సాప్ స్టేటస్‌లో పెడితే 24 గంటల్లో మాయం. డిస్కులో పెట్టి తాళం వేస్తే బీరువాలో పట్టుచీరలే అంటుంది మా ఆవిడ. ఈసారి సైటు కట్టాల్సిందే అనుకున్నాను. డ్రాఫ్టు కాగితం వెనక రాసుకున్నది ఇంతే: జంతువుల పేజీ, పక్షుల పేజీ, నా గురించి ఒక పేజీ. ఫొటోలు అమ్మను. లైకుల లెక్క వద్దు. అన్నీ తెలుగులో ఉండాలి. ఉగాదికి తెరవాలి.

జనవరి 14

అందరూ ముగ్గులేసుకుంటుంటే మేమిద్దరం ఫొటోలు ఏరాం. ఏరడం ఇంత కష్టమని నాకు తెలియదు.

11,400 నుంచి 900కి రావడానికి ఒక పూట చాలింది. మసకవి, తోకలు మాత్రమే మిగిలినవి, పక్షి ఎగిరిపోయాక ఊగుతున్న కొమ్మలవి పోయాయి. 900 నుంచి 140కి రావడానికి రెండు పూటలు. ఎండాకాలం ఫొటోలు ఎక్కువగా ఇక్కడే పోయాయి. రోళ్లపాడు లాంటి గడ్డినేలల్లో పొద్దున తొమ్మిది దాటితే నేల నుంచి సెగ లేస్తుంది. ఆ సెగలోంచి జూమ్ చేస్తే జింక నీళ్లల్లో నిలబడినట్టు వంకరటింకరగా వస్తుంది. కెమెరా బాగాలేదని ఏళ్ల తరబడి తిట్టుకున్నాను. మంచి లెన్సు వాళ్లకూ అంతేనట. పొద్దు పుట్టిన గంటన్నరలో తీసినవే నిలబడ్డాయి.

మేనల్లుడికి జాలి లేదు.

"ఇది ఏంది మామా?"

"తోడేలు."

"నాకు గడ్డే కనపడతాంది."

"ఆ గడ్డిలో, కుడిపక్క, రెండు చెవులు..."

"నువ్వు పక్కన నిలబడి చూపిస్తే తప్ప కనపడని ఫొటో సైటులో ఎట్ల పెడతావు?"

ఆ మాట గోడ మీద రాసి పెట్టుకోవచ్చు. కష్టపడి తీసిన ఫొటో మంచి ఫొటో కానక్కరలేదు. మోకాళ్లు చీరుకుపోయినా, దాహంతో నాలుక పిడచగట్టినా చూసేవాడికి అవేవీ కనపడవు. సాయంత్రానికి 52 మిగిలాయి. మొదటి పేజీకి ఏది పెట్టాలన్న వాదన మాత్రం రాలేదు. పోయినేడు ఫిబ్రవరి సాయంత్రం తీసినది: రాళ్ల కింద గుంత, గుంత బయట మూడు తోడేలు పిల్లలు, ఒకటి ఆవలిస్తోంది. నా ఆరేళ్లలో అలాంటిది ఇంకోటి లేదు.

జనవరి 19

పేరు. ఇంటర్నెట్లో తెలుగు అక్షరాలతోనే చిరునామా కొనుక్కోవచ్చు, చివర '.భారత్' అని కూడా తెలుగులోనే వస్తుంది. నాకు భలే నచ్చింది. ఆఫీసులో నలుగురికి పేరు చెప్పి ఫోన్లో కొట్టమన్నాను. ముగ్గురి ఫోన్లలో తెలుగు కీబోర్డే లేదు. నాలుగో ఆయన 'భా' వత్తు కోసం వెతుకుతూ ఉండగా దస్తావేజు రాయించుకునే పార్టీ వచ్చింది. మామూలు '.ఇన్' తీసుకున్నాను. మొదటి ఏడాది ధర చూసి సంబరపడకూడదు, రెండో ఏడాది నుంచి ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దస్తావేజులు చదివే కళ్లు కాబట్టి అది పట్టుకున్నాను.

సైటు కట్టడానికి మేనల్లుడు ఏవేవో పేర్లు చెప్పాడు. నా షరతు ఒక్కటే: వాడు కాలేజీకి పోయాక కూడా కొత్త ఫొటో నేనే ఎక్కించుకోగలగాలి. చివరికి సైట్లు తయారుచేసే హ్యూగో అనే ప్రోగ్రాము దగ్గర ఆగాం. ఒక్కో ఫొటోకి ఒక ఫోల్డరు, అందులో ఫొటో, దాని పక్కన నాలుగు ముక్కలు రాసిన టెక్స్టు ఫైలు. ఒక కమాండ్ కొడితే మొత్తం సైటు తయారవుతుంది. డేటాబేసు, పాస్‌వర్డుల పేజీ, నెలనెలా అప్‌డేట్లు, ఏమీ లేవు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఫైళ్లు దాచుకునే గిట్‌హబ్ అనే సైటులో పెడితే ఉచితంగా నడుస్తుందన్నాడు. ఫైళ్లు అందరికీ కనిపించేలా ఉంచితేనే ఉచితమట. "కనపడితే ఏం, అవి ఫొటోలే కదా" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

జనవరి 31

రేపటి నుంచి భూముల విలువలు పెరుగుతాయని ఈ వారమంతా రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర జాతర. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరాను. సైటు ముట్టుకోలేదు.

ఫిబ్రవరి 2

బరువులు. కెమెరాలోంచి వచ్చిన ఫొటో ఒక్కోటి ఐదారు ఎంబీలు. 52 ఫొటోలు అలాగే పెడితే మూడు వందల ఎంబీలు దాకా అవుతుంది. పల్లెలో సిగ్నల్ రెండు గీతలున్న ఫోన్లో తెరిచేవాడు జింక కాళ్లు వచ్చేసరికి విసిగి మూసేస్తాడు. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లోకి మారిస్తే చాలావరకు 300 కేబీ లోపుకి వచ్చాయి. ఫోన్లకు ఇంకా చిన్నది, 800 పిక్సెళ్లది. పేజీలో కిందున్న ఫొటోలు వేలు అక్కడిదాకా జరిపినప్పుడే దిగేలా పెట్టాం.

వింత ఏమిటంటే గడ్డి. ఆకాశంలో ఎగిరే కొంగ 90 కేబీలో ఇమిడిపోయింది. ఎండుగడ్డిలో కూర్చున్న చెవులపిల్లి 480. ప్రతి గడ్డిపరకనీ విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి కదా, అందుకే బరువు. నా సైటులో సగం గడ్డే. క్వాలిటీ 80 నుంచి 72కి దించితే గడ్డి పాడవలేదు గానీ ఆకాశంలో మెట్లుమెట్లుగా గీతలు పడ్డాయి. గడ్డివాటికి ఒక లెక్క, ఆకాశాలకు ఒక లెక్క పెట్టుకున్నాం.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ బయటికి పోలేదు. పోవాలనిపించలేదు.

మంగళవారం రాత్రి ఫైళ్లన్నీ గిట్‌హబ్‌లోకి ఎక్కించాం. ట్రయల్‌గా సైటు లేచింది, మురిసిపోయాను. నిన్న రాత్రి మేనల్లుడు అనంతపురం నుంచి ఫోన్ చేశాడు.

"మామా, నీ కెమెరాలో జీపీఎస్ ఉందా?"

"ఉందేమో, నేనెప్పుడూ ముట్టుకోలేదు."

"నువ్వు ముట్టుకోలేదు. దాన్ని నీకు అమ్మినాయన ఆన్ చేసి పెట్టినాడు."

వాడు స్క్రీన్ చూపించాడు. ప్రతి డిజిటల్ ఫొటోలో కంటికి కనపడని చీటీ ఒకటి ఉంటుంది, ఎక్సిఫ్ అంటారు. ఏ కెమెరా, ఏ తేదీ, ఎన్ని గంటలు, షట్టర్ ఎంత అన్నీ అందులో ఉంటాయి. జీపీఎస్ ఆన్‌లో ఉంటే అక్షాంశం, రేఖాంశం కూడా. తోడేలు పిల్లల ఫొటోలోని అంకెలు తీసి మ్యాపులో వేశాడు. పిన్ను సరిగ్గా నేను బోర్లా పడుకున్న గట్టు మీద పడింది. శాటిలైట్ బొమ్మలో ఆ గట్టు పక్క తుమ్మచెట్టు నీడ కూడా కనిపిస్తోంది. డిగ్రీల్లో నాలుగో దశాంశ స్థానం దాకా ఉంటే దాదాపు 11 మీటర్లలో చోటు తెలిసిపోతుంది. దస్తావేజులో ఆస్తి ఎక్కడుందో, హద్దులేమిటో చెప్పే భాగాన్ని షెడ్యూలు అంటాం. నేను జన్మలో రాసిన ఏ షెడ్యూలూ అంత కచ్చితంగా లేదు. సర్వే నంబరు చెబితే పొలం దొరుకుతుంది, ఇదేమో వాకిట్లోకి తీసుకుపోతోంది.

సైటులో కనిపించే చిన్న ఫొటోల్లో ఆ చీటీ లేదు. సైజు తగ్గించేటప్పుడు హ్యూగో దాన్ని వదిలేస్తుంది. మేము అక్కడే మోసపోయాం. ఫోల్డర్లో ఉన్న అసలు ఫొటోని కూడా అదే పేజీ పక్కన ప్రచురిస్తుందని మాకు తెలియదు. పైగా గిట్‌హబ్‌లో అసలు ఫైళ్లు అందరికీ తెరిచే ఉన్నాయి. ఐదు రోజులు.

"తీసేయ్" అన్నాను.

"తీసేస్తే పోదు మామా. పాత కాపీ హిస్టరీలో ఉంటుంది."

అది నాకు ఠక్కున అర్థమైంది. రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించినంత మాత్రాన మొదటి దస్తావేజు చెరిగిపోదు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలన్నీ చూపే ఈసీ తీస్తే రెండూ వస్తాయి. గిట్‌హబ్ వెనకుండే గిట్ అనే ప్రోగ్రాము కూడా అంతే. నువ్వు చెరిపేశావన్న సంగతితో సహా రాసి పెట్టుకుంటుంది. ఆ ఖాతాలో ప్రాజెక్టు మొత్తాన్నే తీసేయించాను. తీసేముందు ఎవరు చూశారో లెక్క చూశాం. కాపీ చేసుకున్నవి రెండు అని ఉంది. "ఆ రెండూ పేజీలు కట్టే మిషన్‌వే అయ్యుండొచ్చు" అన్నాడు. అయ్యుండొచ్చు అన్నాడు, అయ్యాయి అనలేదు.

మా ఇద్దరి వెర్రికి ఎవరినీ అనడానికి లేదు. కెమెరా కొన్న రోజు మెనూ మొత్తం ఒకసారి చదివి ఉంటే పోయేది.

ఫిబ్రవరి 11, రాత్రి

ఇంత కంగారు ఎందుకంటారా? గుత్తి మనకు ఎంత దూరం? 1899లో గుత్తి రైల్వే యార్డులో దొరికిన ఒక సాలీడును పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. నెమలికంఠం రంగులో మెరిసే నీలి సాలీడు. ప్రపంచం మొత్తం మీద అది ఉండేది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కొద్ది చోట్లే. ఇవాళ విదేశాల్లో గాజు డబ్బాల్లో పెట్టి పెంచుకుంటున్నారు. నక్షత్ర తాబేలు సంగతీ అంతే, మన చేలగట్ల మీద తిరిగేది సూట్‌కేసుల్లో విమానాలెక్కుతోంది. 2019లో ఆ సాలీడు జాతినీ, ఈ తాబేలునీ అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ జాబితాల్లో కట్టుదిట్టం చేశారు. నా 52 ఫొటోల్లో తాబేళ్లు రెండున్నాయి. రెండింటికీ పిన్ను ఉంది.

ఇప్పుడు చేసిన పని: ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో, ఒక్క కమాండ్‌లో, ఫోల్డరు మొత్తానికీ చీటీ చింపేయించాం. అసలు ఫొటోలను ముట్టుకోలేదు, కాపీల మీదే చేశాం. తర్వాత మళ్లీ చదివించి చూశాం. ఇక్కడ ఇంకో రెండు గుంతలు బయటపడ్డాయి.

ఒకటి, ఫైళ్ల పేర్లు. ప్రతి ఫొటోకి ఊరిపేరూ, చెరువు పేరూ, ఎవరి చేనో పెట్టుకున్నది నేనే. అలవాటు అలాంటిది. ఒకచోటైతే సర్వే నంబరు కూడా ఉంది. జీపీఎస్ తుడిచి ఫైలు పేరులో అడ్రసు రాసినట్టు. అన్నీ తీసేసి అంకెలు పెట్టాం.

రెండోది నాకు తట్టేదే కాదు. ఆ చీటీలోనే ఫొటోకి బుల్లి నకలు ఒకటి దాగి ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫొటోని క్రాప్ చేసినా ఆ నకలును మార్చవు. తాబేలు వెనక కనిపించే గుడి గోపురాన్ని నేను కత్తిరించేశాను, నకల్లో గోపురం నిక్షేపంలా ఉంది.

హోస్టింగ్ కూడా మార్చాం. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో, నా కంప్యూటర్లో తయారైన సైటు ఫోల్డరును మాత్రం ఎక్కించవచ్చు. అసలు ఫొటోలు ఇల్లు దాటవు. ఒక్కో ఫైలు 25 ఎంబీ దాటకూడదట, నావి అందులో పదో వంతు కూడా లేవు. ఇక కెమెరా మెనూలో జీపీఎస్ ఆఫ్. మూడుసార్లు చూసుకున్నాను.

ఫిబ్రవరి 16

మరి ఫొటో కింద చోటు ఏమని రాయాలి? ఏమీ రాయకపోతే ఏ ఆఫ్రికాలోనో తీసి మన ఊరిదని చెప్పుకుంటున్నాడు అనుకుంటారు. జనం తాము చూసిన జీవుల వివరాలు పెట్టే ఐనాచురలిస్ట్ అనే సైటులో ప్రమాదంలో ఉన్న జీవుల చోటును 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పెట్టి చూపిస్తారు. అంటే అటు 22 కిలోమీటర్లు, ఇటు దాదాపు అంతే. ఆ పద్ధతి నచ్చింది. నేను ఇంకాస్త పెద్ద గడి తీసుకున్నాను: పాత జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక రోళ్లపాడు నంద్యాల జిల్లాలోకి పోయింది. నేను మాత్రం 'పాత కర్నూలు జిల్లా, గడ్డినేల' అని రాస్తాను. తేదీ వద్దు, నెల చాలు. ఇరవై రెండేళ్లుగా తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు రాయనిదే సంతకం పెట్టనివ్వని వాణ్ణి, ఇప్పుడు చెక్కుబందీ, అంటే ఆ నాలుగు హద్దులు, లేకుండా షెడ్యూలు రాస్తున్నాను.

తెలుగు రాతలో ఇంకో తంటా. ఏళ్లుగా రాసుకున్న ఫొటోల నోట్సు అంతా మా దస్తావేజుల పాత డీటీపీ ఫాంటులో ఉంది. అది అన్ని ఫోన్లకూ, కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ కాదు. సైటులో అతికిస్తే పురుగులు పాకినట్టు వచ్చింది. కన్వర్టరులో వేస్తే తొంభై శాతం బాగుపడింది, మిగతా పది శాతంలో 'క్ష' ఉన్న ప్రతి పక్షీ రెక్కలు విరిగింది. చేత్తో దిద్దాను.

సైటుకు 'మండలి' అనే తెలుగు ఫాంటు పెట్టాం. మేనల్లుడు ఇంగ్లీషు పేజీల లెక్కన లైన్ల మధ్య ఖాళీ వదిలాడు. పై లైను వత్తులు కింది లైను గుడుల మీద కూర్చున్నాయి. 1.8కి పెంచాక ఊపిరాడింది. తెలుగు కింద వేలాడుతుందని వాడికి ఇప్పుడు తెలిసింది.

పేర్ల దగ్గర వాడికీ నాకూ చిన్న గొడవ. బ్లాక్ డ్రాంగో అని రాయమంటాడు. పసులపోలిగాడు అని ఉండగా డ్రాంగో ఏమిటి? గొడ్ల వీపులెక్కి తిరిగే పక్షికి అంతకంటే ఏం పేరు కావాలి? కూకుడుగువ్వ, లకుముకి, తీతువు, గిజిగాడు అన్నీ తెలుగులోనే పెట్టాను. పాలపిట్ట కింద మాత్రం ఒక వాక్యం ఎక్కువ రాశాను. అది మన రాష్ట్ర పక్షి అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. 2018లో ఆంధ్రప్రదేశ్ ఆ పీట రామచిలుకకిచ్చింది, పాలపిట్ట తెలంగాణలో ఉంది. కృష్ణజింక మాత్రం అప్పుడూ ఇప్పుడూ మన రాష్ట్ర జంతువే.

ఫిబ్రవరి 23, ఆదివారం

వీరాపురం పోయొచ్చాను. హిందూపురం దాటి, కర్ణాటక సరిహద్దు దగ్గర చిన్న పల్లె. శనివారం రాత్రి బస్సెక్కి పోయాను.

ఊరి వీధుల్లో చింతచెట్లు, చెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు. గూళ్లు కట్టే కాలం ఇది. ముక్కున పుల్లలు పట్టుకొచ్చి పెడుతున్నాయి. కింద కుళాయి దగ్గర బిందెలు, పైన రెక్కల చప్పుడు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన రెట్ట పడుతుందని టవలు తల మీద వేసుకుని బీడీ తాగుతున్నాడు గానీ కొంగలను ఒక మాట అనలేదు. అవి వస్తే వానలు, పంటలు బాగుంటాయని ఊరి నమ్మకం. కొమ్మ విరిచినా ఊరుకోరు.

జూమ్ అవసరమే లేకపోయింది. ఆరేళ్లలో మొదటిసారి ఒక పక్షి ఫొటోలో ఇల్లు, సైకిలు, ముగ్గు అన్నీ వచ్చాయి. ఈ ఫొటో కింద వీరాపురం అని పేరు రాశాను. ఊరంతా కాపలా ఉన్న చోట దాచేదేముంది? దాస్తే ఆ ఊరికే అన్యాయం. అంటే ఒకే రూలు అన్నింటికీ పనికిరాదు. ఇప్పటిదాకా ప్రతి ఫొటోకీ పాత జిల్లా అని గుడ్డిగా కొట్టుకుంటూ పోయాను, మళ్లీ మొదటి నుంచి ఒక్కోదాన్నీ చూడాలి.

మార్చి 9, ఆదివారం

గడ్డినేలల్లో నాకు తెలిసిన గొర్రెల కాపరి ఒకాయన ఉన్నాడు. నా కంటే ముందు ఆయనకే అన్నీ కనిపిస్తాయి. ఎటు పోతే జింకలుంటాయో ఆయన్ని అడిగే పోతాను. ఇవాళ ఆయన ఫోన్లో ట్రయల్ సైటు తెరిచి ఇచ్చాను. పేజీ తెరుచుకోవడానికి నాలుగు సెకన్లు పట్టింది, పర్వాలేదు.

జింకలను వేగంగా దాటించాడు. రోజూ చూసేవే కదా. మొదటి పేజీకి తిరిగొచ్చి తోడేలు పిల్లల దగ్గర ఆగాడు. వేళ్లతో పెద్దది చేశాడు.

"ఈ రాళ్లకుప్ప నేనెరగనా సార్" అన్నాడు.

నా గుండె జారింది. జీపీఎస్ తీసేశాం, పేరు తీసేశాం, తేదీ తీసేశాం. ఆ గుంత మీది రాయి మాత్రం మూడు పలకలుగా చీలి, పైన జిల్లేడు మొలిచి, ఫొటోలో తళతళా మెరుస్తోంది. ఊరు తెలిసినవాడికి అంకెలెందుకు? పోయిన చలికాలంలో తోడేళ్లు ఈయన మందలో మూడు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. గొర్రెపిల్ల అంటే వాళ్లకు నోట్ల కట్ట. తోడేలు గుంత కనపడితే పొగబెట్టే వాళ్లున్నారని నాకు చెప్పింది కూడా ఈయనే.

ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాను.

"మూడు పిల్లలా?" అన్నాడు చివరికి. "నాకు రెండే కనపడె."

అంతే. ఫోన్ నా చేతికిచ్చి, దారి తప్పిన మేకను అదిలిస్తూ వెళ్లాడు. అంటే పోయినేడు ఆయనా చూశాడు. చూసి ఏం చేశాడు, ఏం చేయలేదు అన్నది నేను అడగలేదు.

మార్చి 16

ఆ ఫొటో తీసేశాను. రాయి కనపడకుండా క్రాప్ చేసి చూశాం, ఆవలింత ఒక్కటే మిగిలి ఫొటో చచ్చిపోయింది. మసక పెట్టి చూశాం, పోలీసు కేసులో నిందితుడిలా ఉంది. వద్దనుకున్నాను. మేనల్లుడు చాలాసేపు వాదించాడు. "సైటు మొత్తం మీద నిజంగా గొప్పది అదొక్కటే మామా." నిజమే. దాన్ని ప్రింటు వేయించి ఇంట్లో పెట్టుకుంటాను.

అదే లెక్కన మిగతావన్నీ మళ్లీ చూశాను. చోటు తెలియనివాడిగా కాదు, ఆ చోటనే పుట్టినవాడిగా. గూట్లో కూర్చున్న పక్షులవి రెండు పోయాయి. తాబేళ్లలో ఒకటి పోయింది. పాత 52లో నలభై ఎనిమిది మిగిలాయి, చాలు. వీరాపురం కొంగలు మొదటి పేజీకొచ్చాయి.

ఖాళీ అయిన పేజీలో 'చూడనివి' అని పెట్టాను. ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ చట్రం, కింద నాలుగు వాక్యాలు. మొదటిది బట్టమేక పక్షి. దానికోసమే 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు. దేశం మొత్తం మీద ఇప్పుడు నూట యాభై కూడా లేవు, ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లో. ఆరేళ్లుగా ఆ గడ్డిలో తిరుగుతున్నాను, ఒక్కసారీ కనపడలేదు. రెండోది కడప వైపు లంకమల కలివికోడి. 1848లో జెర్డన్ అనే పక్షి శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందన్నారు. 1986లో మళ్లీ దొరికింది. దొరికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకని పుస్తకాల్లో ఉంటుంది గానీ, చీకట్లో దాన్ని పట్టుకొచ్చింది స్థానిక వేటగాడు ఐతన్న. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి అని మనవాళ్లకు ఎప్పుడో పేరుంది. పేరు పెట్టారంటే చూసినట్టే కదా.

ఈ పేజీ బరువు 11 కేబీ. అన్నింటికంటే వేగంగా తెరుచుకుంటుంది.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని, పదిన్నరకు సైటు తెరిచాం. మేనల్లుడు ఫోన్లో ఉన్నాడు. మా ఆవిడ 'నా గురించి' పేజీలో నా ఫొటో చూసి, ఈ పాత చొక్కా తప్ప దొరకలేదా అంది. సాయంత్రానికి తెలిసినవాళ్ల మెచ్చుకోళ్లు, మూడు అచ్చుతప్పులు వచ్చాయి. తప్పులు దిద్దాను.

తెలియనాయన ఒకరు మెయిల్ పెట్టారు. బెంగళూరు నుంచి వస్తున్నారట, పెద్ద లెన్సుందట, జింకలు ఏ పాయింటులో 'దొరుకుతాయో' లొకేషన్ షేర్ చేయమన్నారు. అభయారణ్యంలోకి పోవడానికి అటవీశాఖ అనుమతి తీసుకోవాలనీ, 1972 చట్టంలోనే ఫొటోగ్రఫీకి అనుమతి ఇవ్వడానికి వీలుందనీ, గేటు దగ్గర అడిగితే వాళ్లే చెబుతారనీ రాశాను. తిరుగు జవాబు లేదు.

పొద్దుగూకాక కాపరి ఫోన్ చేశాడు. సైటు కొడుకు తెరిచి చూపించాడట. "అన్నీ పెట్టినావు, మా పొట్టేలును పెట్టకపోతివే సార్" అన్నాడు. నిజంగానే ఆ పొట్టేలు ఫొటో ఉంది నా దగ్గర. సంక్రాంతికి రెండు రోజుల ముందు, కొమ్ములకు పసుపు రాసి ఉండగా తీసినది, మంచి వెలుతురు. అడవి జంతువు కాదని 900 దగ్గరే పక్కన పెట్టాం.

"పెడతాను. ఊరిపేరు రాయనా?"

"రాయకుంటే ఎవరిదని తెలుస్తాది? అడ్రసు నిండుగా రాయి."

రాశాను. తూర్పు: ఊరికి పోయే రస్తా. పడమర: ఆయన అన్న చేను. ఉత్తరం: ఎండిపోయిన వాగు. దక్షిణం: వేపచెట్టు, దాని కింద బండ. ఈ నాలుగు హద్దుల మధ్య గల, తెల్ల మచ్చ ఉన్న నల్ల పొట్టేలు ఒకటి. ఊరిపేరు సైటులో ఉంది, చూసుకోండి.